దశమినాటి తుపాకీ

ఇర్వింగ్, టెక్సస్
జులై 11, 1987

నళినీ,

నీకూ జగన్మోహన్ గారికీ అమ్మవారి చల్లని చూపు ఉండాలని కోరుకుంటూ మొదలుపెడుతున్నాను.

నిన్న ఫోన్‌లో నేను ఊ కొట్టడం తప్ప ఏమీ మాట్లాడలేదని కోపం తెచ్చుకున్నావు. ఏం చేయను? ఫోన్ పట్టుకుంటే నువ్వు మాట్లాడతావు, నేను వింటాను. నేను మీ ఇంటి కోడలిగా వచ్చినప్పటి నుంచీ మన వదిన ఆడపడుచుల పద్ధతి అదే. నాకు మాట్లాడాలంటే కాగితం కావాలి.

మీ అన్నయ్యకు న్యూజెర్సీ ఉద్యోగం ఖాయమైంది. చెర్రీ హిల్ దగ్గర కంపెనీ, రాడార్ల పని, ప్రభుత్వం కాంట్రాక్టు. మీ పార్సిప్పనీకి రెండు గంటల దూరమట. అక్టోబరు ఎనిమిదిన చేరాలి. ఒక్కటే షరతు. ఆరు నెలల్లో అమెరికా పౌరసత్వం వస్తేనే ఉద్యోగం నిలుస్తుంది. పదిహేనేళ్ళుగా ఆ కాగితాలను సొరుగులో దాచుకున్న మనిషి, ఒక్క సాయంత్రం కూర్చుని నింపి పోస్టు చేసి వచ్చారు. యాభై ఆరేళ్ళ వయసులో ఇంకో ఉద్యోగం వెతుక్కునే ఓపిక లేదు మరి.

ఇక అసలు సంగతి. సామానంతా లారీలో వస్తుంది. మేమిద్దరం కార్లో వస్తాం. ఒక్క వస్తువు మాత్రం లారీవాళ్ళకు ఇవ్వనని మీ అన్నయ్య పట్టుబట్టారు. అది వాల్టర్ గారి తుపాకీ.

వాల్టర్ గారు నీకు గుర్తుండాలి. మా పక్కింటాయన, రైల్వేలో చేసి రిటైరయ్యారు. నువ్వు వచ్చినప్పుడు నీ పులిహోర తిని, ఆపకుండా మూడు గ్లాసుల నీళ్ళు తాగారు. భార్య పోయాక ఆయన మీ అన్నయ్యను ప్రతి శనివారం ఊరి బయట మైదానానికి తీసుకెళ్ళేవారు. అక్కడ యంత్రం మట్టి పళ్ళేలను గాలిలోకి విసురుతుంది, వాటిని తుపాకీతో కొట్టాలి. ప్రాణమున్న దేన్నీ కొట్టనని మొదటి రోజే నేను మీ అన్నయ్య చేత ఒట్టు వేయించుకున్నాను. ఎనిమిదేళ్ళలో ఆయన కొట్టినవన్నీ మట్టి పళ్ళేలే. అవైనా పదికి నాలుగు. వాల్టర్ గారు పోయేముందు ఆ తుపాకీ మీ అన్నయ్య చేతిలో పెట్టారు.

తుపాకీని కార్లో పెట్టుకుని ఎనిమిది రాష్ట్రాలు దాటవచ్చా? ఇక్కడ ఎవరినడిగినా, ఇదీ ఒక ప్రశ్నేనా అన్నట్టు చూస్తున్నారు. జగన్మోహన్ గారిని కనుక్కోమని చెప్పు.

మీ వదిన,
రాజేశ్వరి


పార్సిప్పనీ, న్యూజెర్సీ
జులై 22, 1987

వదినా,

నమస్కారాలు చివర్లో పెడతాను, ముందు తిట్లు.

అన్నయ్యకు మతి ఉందా? సిటిజన్‌షిప్ కోసం అప్లై చేసిన మనిషి, తుపాకీ కార్లో వేసుకుని దేశం అడ్డంగా డ్రైవ్ చేస్తాడా? ఇది టెక్సస్ కాదు. ఇక్కడ తుపాకీ అన్న మాట ఆఫీసులో కాస్త గట్టిగా అంటే పక్క టేబుల్ వాళ్ళు తలెత్తి చూస్తారు. మా రాష్ట్రంలో ఆ చట్టం చాలా గట్టిది. పొరపాటున జరిగినా కేసు కేసే.

అమ్మేయమను. లేకపోతే ఎవరికైనా ఇచ్చేయమను. ఇక్కడికి వచ్చాక ఆదివారాలు కాలక్షేపం కావాలంటే మా ఆయనతో పేకాట ఆడుకోవచ్చు. అందులోనూ పదికి నాలుగే గెలుస్తాడు, ఏమీ తేడా తెలియదు.

నీ ఉత్తరం మా ఆయనకు చదివి వినిపించడం నా బుద్ధి తక్కువ. నీకు తెలుసుగా, వాషింగ్ మెషిన్ కొంటే దానితో వచ్చిన పుస్తకం రెండుసార్లు చదివి గాని స్విచ్ నొక్కని మనిషి. "ఎనిమిది రాష్ట్రాలా? అంటే ఎనిమిది చట్టాలు, పైన కేంద్రం చట్టం!" అన్నాడు. ఆ మొహంలో వెలుగు నేను మా పెళ్ళిలో కూడా చూడలేదు. శనివారం లైబ్రరీకి వెళ్ళి సాయంత్రం దాకా రాలేదు.

అన్నయ్యకు నా మాటగా చెప్పు: ఇనుప ముక్క కోసం ఉద్యోగం పోగొట్టుకోవద్దని.

ఇప్పుడు నమస్కారాలు.

నీ ఆడపడుచు,
నళిని


ఇర్వింగ్, టెక్సస్
ఆగస్టు 9, 1987

నళినీ,

నీ తిట్లు అందాయి. సగం మీ అన్నయ్యకు అందజేశాను, సగం ఉంచుకున్నాను.

తుపాకీ సంగతి అడిగితే ఇక్కడివాళ్ళు ఎందుకు అలా చూస్తారో నీకు తెలియాలి. మొన్న కూరగాయలకు వెళ్ళాను. మా పక్కన ఆగిన పికప్ ట్రక్కు వెనక అద్దానికి కొయ్య కొక్కేలున్నాయి. పై కొక్కెం మీద తుపాకీ, కింది కొక్కెం మీద గొడుగు. లోపలినుంచి ఒక ముసలమ్మ దిగి, నా బుట్ట పట్టుకుని కారు దాకా మోసిపెట్టి వెళ్ళింది. ఇన్నేళ్ళు చూసి చూసి నా కళ్ళకు తుపాకీ, గొడుగూ ఒకలాగే కనిపించడం మొదలైంది. అది మంచిదని నేననను.

అమ్మేయమన్న నీ మాట చెప్పాను. మీ అన్నయ్య చదువుతున్న పేపరు మడిచి పక్కన పెట్టారు.

"ఇనుప ముక్కటనా?"

"అలాగే రాసింది."

"అది ఇనుము కాదే. వాల్టరు."

అంతే అన్నారు. ఆ పూట మజ్జిగ కూడా పోయించుకోకుండా లేచిపోయారు. ఈ దేశం వచ్చిన కొత్తలో మూడేళ్ళపాటు ఆఫీసులో ఎవరూ ఆయనను ఇంటికి రమ్మనలేదు. మొదట కంచె దగ్గర నిలబడి, "ఏం చేస్తున్నారు, రండి" అన్నది వాల్టర్ గారే. ఆయన పోయినప్పుడు మీ అన్నయ్య నా ముందు ఏడవలేదు గాని, గ్యారేజిలో ఆ తుపాకీని రెండు గంటలు తుడిచారు. కనుక అమ్మకం మాట వదిలేద్దాం. తీసుకురావడం ఎలాగో చెప్పండి. జగన్మోహన్ గారు ఏం చెబితే అది అక్షరాలా చేస్తాం.

తూటాలు మాత్రం ఒక్కటి కూడా తేబోవడం లేదు. అన్నీ మైదానంలో ఆయన స్నేహితులకు ఇచ్చేశారు.

మీ వదిన


పార్సిప్పనీ, న్యూజెర్సీ
సెప్టెంబరు 5, 1987

వదినా,

మా ఇంట్లో ఒక పెద్ద వకీలు తయారయ్యాడు. ఫీజు కింద రోజుకు రెండు కాఫీలు అదనంగా అడుగుతున్నాడు.

ముందు జరిగింది చెబుతాను. లైబ్రరీ చాలక, పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి స్వయంగా కనుక్కుంటానన్నాడు. వద్దంటే వినలేదు. టై కట్టుకుని వెళ్ళాడు. కిటికీలో కూర్చున్నాయనతో, "మా బావగారు తుపాకీ తీసుకుని వస్తున్నారు" అన్నాడట. ఆయన లేచి నిలబడి, "ఎవరి మీదికి?" అన్నాడట! తరవాత ఇద్దరు వచ్చి లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. మా ఆయన జేబులోంచి తొమ్మిది పేజీల నోట్సు తీసి చదవడం మొదలుపెడితే, ఐదో పేజీకల్లా వాళ్ళకు అర్థమైంది, ఈయన వల్ల ఎవరికీ ప్రమాదం లేదని. పెద్ద ఆఫీసరు కాఫీ ఇప్పించి అన్నీ చెప్పి పంపాడు. ఇంటికొచ్చి, "చాలా మర్యాదస్తులు" అంటున్నాడు.

ఇప్పుడు జాగ్రత్తగా చదువు. నిరుడు కేంద్రం కొత్త చట్టం చేసింది. బయలుదేరే చోటా, చేరే చోటా ఆ తుపాకీ మన దగ్గర ఉండటం చట్టప్రకారం సరైనదైతే, మధ్యలో ఎన్ని రాష్ట్రాలైనా దాటవచ్చు. సొంత ఇల్లు మారేటప్పుడు తెచ్చుకోవడానికి మా రాష్ట్రం కూడా ఒప్పుకుంటుంది. అయితే అన్నిచోట్లా సరిపోవాలంటే ఇలా చేయాలి. తుపాకీలో తూటా ఉండకూడదు. దాన్ని దాని కేసులో పెట్టి మూసి, ఆ కేసును ట్రంక్‌లో పెట్టి ట్రంక్‌కు తాళం వేయాలి. కార్లో కూర్చున్నవాళ్ళ చేతికి అది అందకూడదు, అదే ప్రాణం. సీటు మీద, సీటు కింద, దుప్పటి కింద, ఎక్కడా పనికిరాదు. ముందు ఉండే చిన్న అర, దానికి తాళం ఉన్నా సరే, లెక్కలోకి రాదు. దారిలో భోజనానికీ నిద్రకూ ఆగడమే తప్ప, చుట్టాల ఇళ్ళు చూసుకుంటూ రావద్దు.

మా ఇల్లు చేరేదాకా అసలు ట్రంకే తెరవవద్దని మా ఆయన సలహా. రెండు రోజులకు కావలసిన బట్టలు చిన్న సంచిలో ముందు పెట్టుకోండి.

నా సలహా ఇంకొకటి. వదినా, ఆ తుపాకీని నువ్వు ముట్టుకోకు.

నళిని


ఇర్వింగ్, టెక్సస్
సెప్టెంబరు 27, 1987

నళినీ,

జగన్మోహన్ గారి తొమ్మిది పేజీలూ అందాయి. అంత గుండ్రటి చేతిరాత చూసి చాలా ఏళ్ళయింది. మీ అన్నయ్య వాటిని గట్టిగా చదివారు, నేను విన్నాను. తరవాత దేవుడి అరలో పెట్టాను, పోకుండా ఉంటాయని.

సామాను లారీ గురువారం వస్తుంది. మేం శుక్రవారం, రెండో తారీకున బయలుదేరుతున్నాం. ఆ రోజు విజయదశమి. ఇంతకంటే మంచి రోజు నేను వెతికినా దొరకదు. మీ అన్నయ్య పంచాంగం చూడలేదు, లారీవాళ్ళ క్యాలెండరు చూశారు. అయినా అమ్మవారే అలా కుదిర్చింది.

ప్రతి ఏడూ చేసినట్టే ఆయుధపూజ చేసుకుని బయలుదేరతాం. కారుకు పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొడతాను. నా కుట్టు మిషనూ, వంకాయలు కోసే కత్తిపీటా, మీ అన్నయ్య స్క్రూడ్రైవర్లూ లారీ ఎక్కే ముందే బొట్లు పెట్టించుకుంటాయి. ఏడాదంతా మనకు పనిచేసిన వాటికి ఒక్కరోజు దణ్ణం పెట్టడంలో ఏముంది? వాటికి ఆ రోజు సెలవు కూడా, ఒక్క కారుకు తప్ప.

నువ్వు చివర రాసిన సలహా చూశాను. అవసరం లేకుండా ముట్టుకోను.

ఆదివారం సాయంత్రానికి మీ ఇంట్లో ఉంటాం. నా కోసం వంట పెద్దగా పెట్టుకోకు, చారు చాలు.

మీ వదిన


పార్సిప్పనీ, న్యూజెర్సీ
అక్టోబరు 11, 1987

వదినా,

మీరు చెర్రీ హిల్ వెళ్ళి నాలుగు రోజులైంది. అన్నయ్య కొత్త ఆఫీసు ఎలా ఉంది? అడుగుతున్నాను గాని, నా కోపం ఇంకా దిగలేదు.

ఏడు రాష్ట్రాలు క్షేమంగా దాటారు. నది దాటి మా రాష్ట్రంలోకి వచ్చి పది మైళ్ళయినా కాలేదు, కారు వెనక లైటు వెలగలేదని పోలీసు ఆపాడు. ఆపితే ఆపాడు. తొమ్మిది పేజీలు రాసి పంపితే, తుపాకీ ట్రంక్‌లో లేకుండా వెనక సీట్లో ఎలా దొరికింది? మీరు చీకటి పడ్డాక వచ్చి, "స్టేషన్‌లో రెండు గంటలు కూర్చోబెట్టారు, తుపాకీ ఉంచుకున్నారు, ఇరవయ్యేడున కోర్టుకు రమ్మన్నారు" అని చెబితే మా ఆయన కుర్చీలో కూలబడిపోయాడు. పాపం, స్వీట్లు కూడా తెచ్చి పెట్టాడు మీకోసం.

రెండు రోజులున్నారు మా ఇంట్లో. అన్నయ్యను నేను తిట్టని తిట్టు లేదు. "తప్పు జరిగింది నళినీ" అంటాడు, మళ్ళీ పేపరు తీస్తాడు. నువ్వు చూస్తే రెండు రోజులూ నా వంటింట్లో గిన్నెలు తోముతూ కూర్చున్నావు. తోమిన గిన్నె మళ్ళీ తోమావు వదినా, నేను చూశాను.

ఇక్కడ ఒక లాయరును అడిగాం. అన్నయ్య తలవంచి తప్పు ఒప్పుకుంటే అది రికార్డులో ఉండిపోతుందట. ఇంటర్వ్యూలో అడుగుతారు, పౌరసత్వం ఆగిపోవచ్చు. అది ఆగితే ఉద్యోగం ఏమవుతుందో నీకు తెలుసు. నా అన్నయ్య ఇంత అజాగ్రత్త మనిషని ఎప్పుడూ అనుకోలేదు.

నళిని


చెర్రీ హిల్, న్యూజెర్సీ
అక్టోబరు 14, 1987

నళినీ,

మీ అన్నయ్యను ఇక ఒక్క మాట కూడా అనకు. తుపాకీని ట్రంక్‌లోంచి తీసింది నేను.

మీ ఇంట్లో చెప్పాలని రెండు రోజులూ నోరు తెరిచాను. ప్రతిసారీ గిన్నె చేతికొచ్చింది. ఇప్పుడు కాగితం దొరికింది గనుక రాస్తున్నాను.

దశమి నాడు పొద్దున్నే కారు పూజ అయింది. మీ అన్నయ్య అప్పటికే తుపాకీని ట్రంక్‌లో పెట్టి తాళం వేశారు. ఇంటి తాళాలు ఇచ్చి వస్తానని వీధి చివరికి వెళ్ళారు. అన్నింటికీ బొట్టు పెట్టాను, అసలైన ఆయుధానికి పెట్టలేదే అనిపించింది. నా దగ్గర రెండో తాళంచెవి ఉంది. తెరిచి, కేసులోంచి తీసి, పసుపు రాసి కుంకుమ పెట్టాను. పసుపు దారంతో తొమ్మిది ముడుల తోరం కట్టాను. ఎక్కడ కట్టాలో తెలియక, పేల్చడానికి వేలితో నొక్కే మీట ఉండే వలయంలో దూర్చి కట్టాను. బంతిపువ్వు పెట్టి హారతి ఇచ్చాను.

తిరిగి పెట్టబోతే చేయి ఆగిపోయింది. ఆ కేసు తోలుది. దానిపైన, ఆఖరున సర్దిన చెప్పుల పెట్టె. పూజ చేసి, అమ్మవారిని రమ్మని పిలిచి, ఆవిడను తోలు సంచిలో కుక్కి చెప్పుల కింద పడుకోబెట్టనా? నా వల్ల కాలేదు. నా ఎర్ర పట్టుకండువాలో చుట్టి, వెనక సీట్లో దేవుడి పటాల పక్కన పెట్టి, పైన దిండ్లు సర్దాను. ఖాళీ కేసు మూసి ట్రంక్‌కు తాళం వేశాను. మీరు ట్రంక్ తెరవవద్దన్నారు గనుక ఆయన తెరవలేదు, ఆయనకు తెలియలేదు. చట్టం గుర్తులేక కాదు. తూటా లేదు కదా, మూడు రోజులే కదా అనుకున్నాను.

పోలీసు కారులోకి వంగి చూసి, "ఆ గుడ్డ కింద ఏముంది?" అన్నాడు. దిండు జారి కండువా అంచు కనబడుతోంది. నాకు అబద్ధం రాదు. "గాడెస్" అన్నాను. కాస్త ఆగి, "అండ్ వన్ గన్" అన్నాను.

మీ అన్నయ్య వెనక్కి తిరిగి చూశారు. ఎర్ర పట్టు, పసుపు దారం, బంతిపువ్వు. ఒక్క క్షణంలో అంతా తెలిసిపోయింది ఆయనకు. పోలీసు వైపు తిరిగి, "కారు నాది. తుపాకీ నాది. బాధ్యత నాది" అన్నారు. నేను ఏదో అనబోతే, "నువ్వు ఊరుకో" అని తెలుగులో అన్నారు.

అప్పటినుంచి ఆ సంగతి ఆయన ఎత్తలేదు. నన్నొక్క మాట అనలేదు. అంటే బాగుండును. కోర్టుకు నువ్వు రావద్దు, నేను వెళ్ళి ఒప్పుకుని వస్తాను అంటున్నారు.

నేనేం చేయను?

రాజేశ్వరి


పార్సిప్పనీ, న్యూజెర్సీ
అక్టోబరు 18, 1987

వదినా,

నీ ఉత్తరం చదివి పావుగంట నవ్వాను, తరవాత పావుగంట ఏడ్చాను. మా ఆయన మాత్రం కాసేపు ఆలోచించి, "దేవత సంగతి ఏ చట్టంలోనూ లేదే" అన్నాడు. పదో పేజీ రాయాలనుకుంటున్నాడేమో.

అన్నయ్యకు ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. "ఎందుకే?" అన్నాడు. "ఊరికే" అన్నాను. "సరే" అన్నాడు. మీ ఇద్దరూ ఒకరికొకరు ఎలా దొరికారో!

నేనేం చేయను అని అడిగావు. ఏం చేయాలో నీకు తెలుసు. వెళ్ళు. వెళ్ళి మాట్లాడు. అన్నయ్య రావద్దంటే అనుకోనీ. మొగుడి మాట కాదనడం పాపమంటావేమో, ఆయన చేయని తప్పు ఆయన నెత్తిన పెట్టి ఇంట్లో దీపం వెలిగించుకోవడం పుణ్యమా? నిన్ను బాధపెట్టాలని కాదు, ఇది నీ నోటితో నువ్వే నాకు ఒకప్పుడు చెప్పిన మాట. నేను మా అత్తగారి వెండి గ్లాసు పోగొట్టి పనిమనిషి మీద నెట్టినప్పుడు.

ఇంగ్లీషు రాదనకు. ఎస్సెల్సీలో నీకు ఇంగ్లీషులో వచ్చిన మార్కులు మా అమ్మ పెళ్ళిచూపుల్లో ఊరంతా చెప్పింది. గ్రామరు పోతే పోనీ. జరిగింది జరిగినట్టు చెప్పు. నాకు రాసినట్టే చెప్పు.

మంగళవారం సెలవు అడిగితే మా ల్యాబ్‌లో ఇవ్వలేదు. లేకపోతే వచ్చి నీ పక్కన నిలబడేదాన్ని. అదీ మంచిదేలే. నేనుంటే నువ్వు ఊ కొడతావు, నేను మాట్లాడతాను.

నళిని


చెర్రీ హిల్, న్యూజెర్సీ
అక్టోబరు 28, 1987

నళినీ,

నిన్న పొద్దున మీ అన్నయ్య కోటు వేసుకుంటూ ఉండగానే నేను వెళ్ళి కార్లో కూర్చున్నాను. ఆయన వచ్చి తలుపు తీసి చూశారు.

"ఎక్కడికి?"

"మీరెక్కడికైతే అక్కడికి."

"రావద్దన్నాను కదే."

"విన్నానండి" అన్నాను. దిగలేదు. ఆయన ఎక్కి కారు స్టార్ట్ చేశారు.

కోర్టంటే పెద్ద మేడ అనుకున్నాను. చిన్న ఊరు, ఫైర్ ఇంజన్లు పెట్టే షెడ్డు పక్కన ఒక హాలు. జడ్జి రాకముందు ప్రభుత్వం వకీలు ఒక్కొక్కరినీ గదిలోకి పిలిచి మాట్లాడుతోంది. ఆవిడకు నలభై ఉండవు. కళ్ళద్దాలు తలమీదికి తోసుకుని, ముందున్న కాగితాల గుట్ట వైపు చూస్తూ మాట్లాడుతుంది. మమ్మల్ని ఆపిన పోలీసు కూడా అక్కడే ఉన్నాడు.

"మిస్టర్ రావ్, తుపాకీ మీదేనా?"

"నాదే. తప్పు నేను ఒప్పు..."

"నో" అన్నాను.

నళినీ, ఆ గొంతు నాదేనా అని నేనే ఉలిక్కిపడ్డాను. ఆవిడ మొదటిసారి కాగితాల్లోంచి తలెత్తింది. "మీరెవరు?" అంది.

"వైఫ్. ఐ టుక్ ఇట్ ఫ్రమ్ ద ట్రంక్. హీ డజ్ నాట్ నో." అది డిడ్ నాట్ అనాలని ఇంటికొచ్చాక గుర్తొచ్చింది.

మీ అన్నయ్య "ఏమే!" అన్నారు. "మీరు ఊరుకోండి" అన్నాను, తెలుగులోనే.

తరవాత అంతా చెప్పాను. నెమ్మదిగా, నీకు రాసినట్టే. మా దేశంలో ఏడాదికొకరోజు పనిముట్లకు దణ్ణం పెడతామని, వడ్రంగి రంపానికీ, డ్రైవరు బస్సుకూ పెడతాడని చెప్పాను. ఆ రోజు వాటితో పని చేయించకూడదు, అవి విశ్రాంతి తీసుకోవాలి, కనుక మా తుపాకీ ఏడాదిలో ఎవరికీ ఏ హానీ చేయలేని రోజంటూ ఉంటే అది నేను దాన్ని బయటికి తీసిన ఆ రోజేనని చెప్పాను. తోలు కేసు సంగతి, చెప్పుల పెట్టె సంగతి చెప్పాను. ఆవిడ కళ్ళద్దాలు కిందికి దించుకుని వింది.

"తుపాకీ ఏ స్థితిలో ఉంది?" అని పోలీసును అడిగింది.

"సాక్ష్యం కదా మేడమ్, దొరికింది దొరికినట్టే ఉంచాను" అని అతను బయటికి వెళ్ళి తెచ్చాడు. నా ఎర్ర కండువా అలాగే ఉంది. విప్పితే కుంకుమ బొట్లు, నా తోరం, వాడిపోయిన బంతిపువ్వు. తోరం పక్కనే వాళ్ళ నంబరు చీటీ, అదీ దారంతోనే కట్టి ఉంది. "తూటా ఉందేమోనని స్టేషన్‌లో తెరిచి చూశాం, లేదు. కాని మీట మీద వేలు పెట్టడానికి లేదు మేడమ్. ఆ ముడులు విప్పుదామని ఒకసారి చూశాను. నా వల్ల కాలేదు" అన్నాడు.

ఆవిడ చాలాసేపు దాన్నే చూసింది. తరవాత నన్ను అడిగింది:

"అమ్మా, ఒక్క సందేహం. తుపాకీని తీసే బదులు ఆ చెప్పుల పెట్టెను తీసి సీట్లో పెట్టి, దీన్ని పట్టుగుడ్డతో సహా ఒక చెక్కపెట్టెలో ఉంచి ట్రంక్‌లో పెట్టకూడదా?"

పోలీసు నవ్వాడు. మీ అన్నయ్య నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎంత సులువైన సంగతి! పదిహేను వందల మైళ్ళు పక్కన కూర్చుని వచ్చాను, నా బుర్రకు తట్టలేదు.

ఆవిడ నవ్వలేదు. "ఈ చట్టం ఎందుకుందో చెబుతాను వినండి" అంది. ట్రాఫిక్‌లో కోపం వచ్చి, చేతికందిన తుపాకీ తీసినవాళ్ళ కేసులు ఈ గుట్టలో రెండున్నాయట. ఒకదాంట్లో ఒక తల్లి పోయిందట. "చేతికి అందకూడదన్నది మీలాంటి వాళ్ళ కోసం రాయలేదు. కాని ఎవరు ఎలాంటివారో కారు బయట నిలబడ్డ పోలీసుకు తెలియదు. మీ దేవతను గౌరవిస్తాను. చట్టానికి మాత్రం ఆవిడ తెలియదు" అంది. ఆ మాట న్యాయమనిపించింది. "సారీ" అన్నాను. పైకి అన్నది చిన్న మాటే గాని, మనసులోంచే వచ్చింది.

ఇల్లు మారుతున్న కాగితాలు చూసింది, తూటాలు లేవని రాసుకుంది. జడ్జి ముందు నిలబడి, తుపాకీ కేసు ఎవరి మీదా వద్దని చెప్పింది. జడ్జి కొట్టేశారు. వెలగని లైటుకు మాత్రం జరిమానా. అది నా పూజలో లోపమే, లైట్లకు బొట్టు పెట్టానే గాని వెలుగుతున్నాయో లేదో చూడలేదు. తుపాకీని నెల తరవాత వచ్చి తీసుకెళ్ళమన్నారు.

తిరిగి వస్తూ మీ అన్నయ్య చాలా దూరం రేడియో స్టేషన్లు మార్చారు. చివరికి, "ఇంత ఇంగ్లీషు వచ్చునని ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదే?" అన్నారు.

"మీరెప్పుడూ అడగలేదండి" అన్నాను.

దారిలో ఆగి ఇద్దరం ఐస్‌క్రీమ్ తిన్నాం, చలిలో.

రాజేశ్వరి


పార్సిప్పనీ, న్యూజెర్సీ
నవంబరు 2, 1987

వదినా,

నీ ఉత్తరాలు రెండూ మా ల్యాబ్‌లో అందరికీ ఇంగ్లీషులో చెప్పాను. "అండ్ వన్ గన్" దగ్గర మా సూపర్‌వైజరు మైక్రోస్కోపు వదిలేసి నవ్వింది. సెలవు ఇవ్వనందుకు ఇప్పుడు బాధపడుతోంది.

మా ఆయన బజారుకు వెళ్ళి ఒక చెక్కపెట్టె కొన్నాడు. తాళంతో సహా. లోపల పట్టుగుడ్డ పరవమని నాతో అంటున్నాడు. అన్నయ్యకు చెప్పకు.

నళిని


చెర్రీ హిల్, న్యూజెర్సీ
ఫిబ్రవరి 20, 1988

నళినీ,

మీ అన్నయ్య నిన్న పౌరసత్వ ప్రమాణం చేసి వచ్చారు. జనవరిలో ఇంటర్వ్యూ చేసినాయన కోర్టు సంగతి అడిగాడట. కొట్టేసిన కాగితం చూపిస్తే, చదివి, దాని నకలు ఉంచుకున్నాడట, అంతే. ఉద్యోగం స్థిరపడింది. ఆఫీసులో కేకు కోశారు. గుడ్డు ఉందేమోనని అడిగి, ఉందంటే తన వాటా పక్కవాళ్ళకు ఇచ్చి, ఇంటికి వచ్చాక పరమాన్నం వండమన్నారు. వండాను.

ఇంకొక సంగతి. ఇది ఇంకా ఎవరికీ చెప్పలేదు. నేను కూడా పౌరసత్వానికి అప్లై చేస్తున్నాను. ఇంటర్వ్యూలో నేనే మాట్లాడాలట, పక్కన ఎవరూ ఉండకూడదట. మాట్లాడతాను.

నిన్న రాత్రి భోజనాలయ్యాక ఫారం నింపుతూ కూర్చున్నాను. అందులో ఒక ప్రశ్న ఉంది, మిమ్మల్ని ఎప్పుడైనా పోలీసులు పట్టుకున్నారా, మీ మీద ఏదైనా కేసు పెట్టారా అని. మీ అన్నయ్య నా భుజం మీదుగా చూసి, "నిన్నెవరు పట్టుకున్నారే? కేసు నా మీద. లేదు అని రాసెయ్" అన్నారు. నిజమే, లేదు అనే రాశాను. కాని ఊరికే లేదంటే అంతా చెప్పినట్టు కాదనిపించింది. వివరాలుంటే రాయమని కింద రెండు గీతల జాగా ఇచ్చారు.

నేను ఆరు కాగితాలు జతచేశాను.

రాజేశ్వరి